రెండో సంతకం

"ఇంట్లో నువ్వుండగా నాకేం బెంగ?" అంటాడు స్టాఫన్. పదకొండేళ్లుగా అంటూనే ఉన్నాడు. కాపురం కొత్తలో ఆ మాట నాకు ముద్దుగా వినిపించేది. ఆ మంగళవారం పొద్దున నేను బట్టలారబెట్టే బీరువా ముందు మోకాళ్ల మీద కూర్చుని మా అమ్మాయి టీరా ఉన్ని చేతితొడుగుల కోసం వెతుకుతుంటే కూడా, సైకిల్ హెల్మెట్ పెట్టుకుంటూ అదే అన్నాడు. ఒక తొడుగు దొరికింది, రెండోది దొరకలేదు. మార్చి నెల. మంచు పూర్తిగా కరగదు, పూర్తిగా గడ్డకట్టదు, పిల్లలు రోజుకి రెండు జతలు తడిపి తెస్తారు. ఆ బీరువాలోంచి వచ్చే వెచ్చటి గాలి, తడి ఉన్ని వాసన ముఖానికి తగిలితే చాలు, నాకు నిద్ర ముంచుకొస్తుంది. తలుపు తెరిచి, తల లోపలికి పెట్టి, వెతుకుతున్నట్టు నటిస్తూ రెండు నిమిషాలు కళ్లు మూసుకోవడం నా రహస్య విలాసం. అలా కళ్లు మూసుకుని ఉండగా జేబులో ఫోను వణికింది.

మునిసిపాలిటీ నుంచి ఉత్తరం. గడువులోగా మీ కుటుంబం బడిని ఎంచుకోలేదు, కాబట్టి ఖాళీ ఉన్న చోట మీ అమ్మాయికి సీటు ఇచ్చాం, అని ఉంది. హైవే అవతలి బడి. దాన్ని ఎవరూ ఎంచుకోరు. ఎంచుకోనివాళ్ల పిల్లలే అక్కడికి చేరతారు. ఆ బడి పేరు నాకు అందరికన్నా బాగా తెలుసు, ఎందుకంటే నా పట్టికల్లో అది ఎప్పుడూ చివరి వరుసలోనే ఉంటుంది. నేను ఆర్థికవేత్తను. తల్లిదండ్రుల చేతికి బడిని ఎంచుకునే హక్కు ఇస్తే ఏ బడి బాగుపడుతుంది, ఏది చతికిలపడుతుంది, ఎవరి పిల్లలు ఎక్కడ తేలతారు అన్నదే పదిహేనేళ్లుగా నా పని.

స్టాఫన్ నా భుజం మీదుగా చూసి పకపకా నవ్వాడు. "మర్చిపోయావా? నువ్వా? ఊరందరికీ ఎలా ఎంచుకోవాలో చెప్పే మనిషివి, మన పిల్లకి ఎంచుకోవడం మర్చిపోయావా!" కోప్పడలేదు. స్టాఫన్ కోప్పడడు, అదే అతని గొప్పతనమని మా స్నేహితులందరూ చెబుతారు. "పర్లేదులే, ఫోన్ చేసి ఏదో ఒకటి చెయ్యి. నువ్వు మాట్లాడితే వింటారు" అని నా నడినెత్తి మీద ముద్దుపెట్టి వెళ్లిపోయాడు. నేను ఒంటి తొడుగు చేత్తో పట్టుకుని "సారీ" అన్నాను, అప్పటికే మూసుకున్న తలుపుతో.

నిజానికి నాకు ఏదో గుర్తుంది. జనవరిలో ఒక ఆదివారం. టీరాకి జ్వరం. సోఫాలో నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. ఎడమచెయ్యి దాని నుదుటి మీద, కుడిచేతిలో ఫోను. కిటికీ బయట మంచు ఎంత నెమ్మదిగా పడుతోందంటే, కిందకి పడుతోందో పైకి లేస్తోందో తెలియలేదు. నేను మూడు బడుల పేర్లు వరసగా పెట్టాను. మొదటిది చర్చి పక్కనున్న ఎర్ర ఇటుకల బడి. ఆకుపచ్చ టిక్కు ఒకటి వెలిగింది. ఇదంతా గుర్తుంది. కానీ అదే జ్ఞాపకంలో మా అమ్మ కిటికీ దగ్గర నిలబడి జెరేనియం మొక్కకి నీళ్లు పోస్తూ ఉంది. మా అమ్మ పోయి నాలుగేళ్లయింది. అమ్మ ఉందంటే అది కలే అయ్యుండాలి. అమ్మ కలైతే టిక్కూ కలే. అలా అనుకుని నన్ను నేను దోషిగా తేల్చేసుకున్నాను. పెద్దగా వాదోపవాదాలు కూడా జరగలేదు.

ఆఫీసుకి వెళ్లే రైల్లో సరస్సు పక్కన నలభై నిమిషాలు ఉంటాను. ఆ నలభై నిమిషాలూ నన్నెవరూ ఏమీ అడగరు. ఆరోజు కిటికీకి తల ఆన్చి, టీరా పుట్టిన రోజుని తలుచుకుంటూ వెళ్లాను. ప్రసవమయ్యాక ఆసుపత్రివాళ్లు చిన్న జెండా గుచ్చిన ట్రేలో కాఫీ, రొట్టె, జున్ను తెచ్చారు. నా వాటా రొట్టె కూడా స్టాఫన్ తింటూ, "క్యూలో పెట్టావా? మా ఆఫీసులో ఒకతను పిల్ల పుట్టిన గంటకే పెట్టాడట" అన్నాడు. ఎర్ర ఇటుకల బడికి క్యూ ఉంది. ఎవరు ముందు పేరు రాయిస్తే వాళ్లు ముందు. అందుకని ఈ ఊళ్లో పిల్లలు కళ్లు తెరవకముందే వరసలో నిలబడతారు. బడి ఈడొచ్చాక మళ్లీ ఎంపిక ఫారం నింపకపోతే ఆ చోటు పోయినట్టే. పాపకి గుర్తింపు నంబరు వచ్చిన మరుక్షణం, కుట్లు సలుపుతుండగా, ఒక పక్కకి ఒరిగి నేనే ఆ ఫారం నింపాను. ఆ కాసేపట్లో స్టాఫన్ పాప ఫొటో అందరికీ పంపాడు. రెండు వందల మంది శుభాకాంక్షలు చెప్పారు. "నేను ఫొటో, నువ్వు క్యూ. సగం సగం!" అన్నాడు. సగం సగం అన్నది మా ఇంటి మూలమంత్రం. తండ్రిగా ఆరు నెలలు సెలవు తీసుకున్నాడు, జూన్ నుంచి నవంబరు దాకా. ఏ పూట ఏం పెట్టాలో, ఏ రోజు టీకానో, బూట్ల సైజు ఎంతో నేను ఫ్రిజ్ మీద కాగితాలు అంటించి వెళ్లేదాన్ని. ఆ కాగితాలు ఫ్రిజ్ తలుపంతా నిండిపోయాయి. పార్కులో అతన్ని చూసినవాళ్లు నాకు ఫోన్ చేసి "ఎంత అదృష్టవంతురాలివి!" అనేవాళ్లు. నిజమే కాబోలు అనుకునేదాన్ని, వారానికి సరిపడా కాగితాలు రాస్తూ.

రైలు ఊగుతుంటే కునుకు పట్టింది. కలలో గడ్డకట్టిన సరస్సు మీద పసిపిల్లలు వరసగా నిలబడ్డారు. పుట్టి గంటైనా కానివాళ్లు, తెల్లటి ఆసుపత్రి టోపీలతో, బుద్ధిగా, ఒకరి వెనక ఒకరు. వరస ఎక్కడ మొదలైందో తెలియదు, అవతలి గట్టు పొగమంచులో కలిసిపోయింది. ఒక్కో బిడ్డ వెనక ఒక్కో తల్లి, ప్రతి తల్లి చేతిలో ఒంటి తొడుగు. గట్టు మీద తండ్రులు కాఫీ తాగుతూ మాకేసి ఉత్సాహంగా చేతులు ఊపుతున్నారు. ఎవరో అధికారి నా దగ్గరికి వచ్చి "రెండోది ఏదమ్మా?" అని అడిగాడు. నా దగ్గర లేదన్నాను. "అయితే మీరు రానట్టే లెక్క" అని రాసుకుని, చాలా మర్యాదగా, తరువాతి ఆమె దగ్గరికి వెళ్లాడు. నేను అక్కడే ఉన్నాను. కాళ్ల కింద మంచు చల్లగా తగులుతూనే ఉంది.

ఆఫీసులో ఆ వారమంతా హడావిడి. శుక్రవారం మా నివేదిక మంత్రిత్వశాఖకి వెళ్లాలి. మా డైరెక్టరు బిర్గర్‌కి అందులో ఒక వాక్యం మహా ఇష్టం. రాసింది నేనే. "ఎంచుకోని కుటుంబాలకు పిల్లల చదువు మీద ఆసక్తి తక్కువని భావించవచ్చు." దాని మీద ఆధారపడి ఒక సిఫారసు ఉంది: వచ్చే ఏడాది నుంచి అలాంటివాళ్లని సీట్ల పంపకంలో అందరికన్నా చివర నిలబెట్టాలి. అప్పుడు బుద్ధొస్తుంది అని రాయలేదు, అర్థం మాత్రం అదే. మా ఊళ్లో అలాంటి కుటుంబాలు వెయ్యిన్నీ తొమ్మిది వందల పన్నెండు. మేము వాళ్లని నిష్క్రియులు అంటాం. ఈ ఏడాది లెక్క తీస్తే అందులో మా ఇల్లూ ఉంటుంది. కాఫీ వేళ ఆ సంగతి నేనే నవ్వుతూ చెప్పాను, వేరేవాళ్లు చెప్పకముందే. బిర్గర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "మా నిష్క్రియురాలు చేసిన యాలకుల బన్నులు మాత్రం అమోఘం!" అన్నాడు. ఆరోజు బన్నులు తేవడం నా వంతు, ఐదున్నరకి లేచి చేశాను. అతని వంతు వచ్చినప్పుడు దుకాణంలో కొన్న బిస్కెట్ల డబ్బా తెస్తాడు, అందరూ చప్పట్లు కొడతారు.

బుధవారాలు టీరాని ప్రీస్కూలు నుంచి మా అత్తగారు గున్నెల్ తీసుకొస్తుంది. ఆమెకి అప్పటికే వార్త అందింది. నేను బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే వంటింటి బల్ల దగ్గర కూర్చుని మొదలుపెట్టింది. "మా రోజుల్లో బడంటే వీధి చివరున్నదే. ఎంచుకునేదేముంది? ఇప్పుడు ఎంచుకోండమ్మా అని బతిమాలుతుంటే మీకు తీరదు."

"పొరపాటైంది గున్నెల్."

"పొరపాట్లు అందరికీ అవుతాయిలే అమ్మాయ్. కానీ పాపం స్టాఫన్ నీ మీద వదిలింది ఆ ఒక్క పనేగా? మిగతావన్నీ వాడే చూసుకుంటాడాయె. శనివారం వస్తే దోసెలు కూడా వాడే వేస్తాడు. వాళ్ల నాన్న గరిటె ఎలా ఉంటుందో చూడలేదు."

దోసెలంటే మేం పాలూ మైదాపిండీ కలిపి వేసుకునే అట్లు. శనివారం పదింటికి వేస్తాడు, పదకొండింటికి నేను పొయ్యి గోకుతాను. ఆ మాట నా నోటి చివరిదాకా వచ్చింది. దాన్ని బంగాళాదుంప తొక్కలతో పాటు డబ్బాలో వేసి "నిజమే" అన్నాను. రెండు రోజుల్లో అది నా నాలుగో క్షమాపణ. రోజులో ఎన్నోసార్లు నేను ఇలా నిజమే అంటాను. అన్న ప్రతిసారీ నాలోంచి ఒకావిడ లేచి మెల్లిగా గదిలోంచి బయటికి వెళ్లిపోతుంది. ఎక్కడికి వెళుతుందో చూడాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. బహుశా ఆ సరస్సు మీదికే.

గురువారం పొద్దున ప్రీస్కూల్లో కోట్లు తగిలించే గదిలో హివెట్ కనిపించింది. టీరా ప్రాణస్నేహితురాలు సెనాయిత్ వాళ్లమ్మ. ఎరిత్రియా నుంచి చిన్నప్పుడే వచ్చింది. ముసలివాళ్ల ఇళ్లకి వెళ్లి స్నానాలు చేయించి, మందులు వేసే ఉద్యోగం. పొద్దున ఆరింటికే ఇద్దరికి స్నానం చేయించి వచ్చి, అప్పుడు కూతుర్ని దింపుతుంది. "ఇది మీ పిల్లదేనా? సెనాయిత్ బుట్టలో ఉంది" అని తప్పిపోయిన రెండో తొడుగు నా చేతికిచ్చింది. తరువాత అడిగింది, "మీకు ఏ బడి వచ్చింది?"

"హైవే అవతలిది."

"మాకూ అదే! కోరి పెట్టుకున్నారా?"

"లేదు... నేను మర్చిపోయాను."

హివెట్ చేతులు నడుం మీద పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. "పిల్ల టోపీ మీద, బూట్ల మీద, ఆఖరికి సాక్సుల మీద కూడా పేరు కుట్టిన మనిషివి. నువ్వు మర్చిపోయావా? చెప్పేవాళ్లకి లేకపోతే వినేవాళ్లకైనా ఉండాలిగా."

"మరి నువ్వు?"

"నేనెందుకు మర్చిపోతాను? మొదటిరోజే నింపాను. మా ఆయన నొక్కలేదు. అమ్మా నాన్నా ఇద్దరూ ఎవరి ఫోన్లో వాళ్లు సంతకం నొక్కితేగాని లెక్కలోకి రాదు కదా. ఆయన నార్వేలో పైపులు వేస్తున్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా 'రేపు నొక్కుతా బంగారం' అన్నాడు. ఆ రేపు రాలేదు, గడువు అయిపోయింది. ఇప్పుడేమో మేం ఎంచుకోలేదట! వాళ్ల ఉత్తరం చూసి ఒళ్లు మండిపోయింది." బూట్లకి తొడుక్కున్న ప్లాస్టిక్ సంచులు విప్పుతూ, చాలా మామూలుగా అడిగింది. "ఇంతకీ మీ ఆయన నొక్కాడా?"

ప్రీస్కూలు ఆవరణలో తడిసిన బల్ల మీద కూర్చుని మునిసిపాలిటీ ఖాతా తెరిచాను. రెండు రోజులుగా తెరవలేదు. తెరవాల్సిన అవసరమే లేదనుకున్నాను, తప్పు నాదని తెలుసు కాబట్టి. దరఖాస్తు అక్కడే ఉంది. నింపినవారు: ఇల్వా, తల్లి. జనవరి పందొమ్మిది, ఆదివారం, మధ్యాహ్నం రెండూ నలభై. మూడు బడులు, మొదటిది ఎర్ర ఇటుకలది. రెండో సంరక్షకుడి సంతకం: అందలేదు. గుర్తు చేసిన సార్లు: మూడు.

నాకు ఏడుపొచ్చింది. స్టాఫన్ మీద కోపంతో కాదు, అది తరువాత వచ్చింది, బాగానే వచ్చింది. ముందు వచ్చింది సిగ్గు. నా చెయ్యి చేసిన పనిని నేనే నమ్మలేదు. అతను నవ్వుతూ "మర్చిపోయావా" అంటే చాలు, కళ్లారా చూసిన ఆకుపచ్చ టిక్కుని కలని చేసేశాను. ఫారం నింపాక జ్వరం పిల్లతో పాటు నాకూ కునుకు పట్టినట్టుంది, అప్పుడు అమ్మ కలలోకి వచ్చింది. అంతే జరిగింది. మెలకువలో చేసిన పనిని, కలలో వచ్చిన అమ్మని కలిపి ఒకే మూట కట్టి అవతల పారేశాను. చూరు మీద మంచు కరిగి చుక్కలు చుక్కలుగా నా పక్కన పడుతోంది. సూర్యుడు పల్చగా ఉన్నాడు. ఆవరణ అవతలి కంచె దగ్గర అమ్మ నీళ్ల డబ్బా పట్టుకుని నిలబడినట్టు అనిపించింది, ఈసారి పొమ్మనలేదు.

అప్పుడు గుర్తొచ్చింది ఇంకొకటి. ఆరేళ్ల కిందట ఈ లెక్కలు మొదలుపెట్టినప్పుడు మునిసిపాలిటీ ఇచ్చిన వివరాల్లో ఇంకో నిలువు వరస ఉండేది. ఎవరు నింపారు, ఎవరు సంతకం మాత్రం పెట్టారు, ఎవరు పెట్టలేదు. బిర్గర్ చూసి, "కుటుంబం అంటే ఒక్కటే కదా ఇల్వా. లోపల ఎవరేం చేస్తారో మనకెందుకు? అదంతా లెక్కకి అడ్డొచ్చే రొద, తీసెయ్" అన్నాడు. నేను నిజమే అన్నాను. తీసేశాను. నేను కూడా కుటుంబం అంటే ఒక్కటే అనుకునే రోజులవి. ఆ ఒక్కటి నేనే అని అప్పటికి తెలియలేదు.

పాత ఫైలు నా దగ్గరే ఉంది. ఏటేటా మునిసిపాలిటీ పంపే కొత్త వివరాల్లో కూడా ఆ వరస వస్తూనే ఉంది, నా ప్రోగ్రాం దాన్ని చూడకుండా దాటేస్తోంది. ఆఫీసుకి చేరగానే ఆ ఒక్క ఆజ్ఞ తీసేసి మళ్లీ నడిపాను. మధ్యాహ్నానికి లెక్క తేలింది. వెయ్యిన్నీ తొమ్మిది వందల పన్నెండు నిష్క్రియ కుటుంబాల్లో ఏడువందల నలభై కుటుంబాలు ఎంచుకున్నాయి. ఒకరు నింపారు, రెండోవారి కోసం ఆగిపోయింది. ఆ నింపినవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది తల్లులు. సరస్సు మీద నిలబడ్డ ఏడువందల నలభై మంది, రానట్టే లెక్క అని నేను రాసుకుంటూ పోయినవాళ్లు. కలలో ఆ అధికారి ముఖం నాకు కనిపించలేదు. ఇప్పుడు తెలిసింది ఎందుకో.

బిర్గర్ తలుపు కొట్టాను. పట్టిక చదివి కళ్లజోడు తీశాడు. "రేపు వెళ్లాలి ఇది. ఒక్క వాక్యం కోసం..."

"ఒక్క వాక్యమే కదా, మార్చడం తేలిక. దానితో పాటు సిఫారసు కూడా పోతుంది."

"ఇల్వా, ఇందులో నీ సొంత గోడు ఏమీ లేదు కదా?"

"ఉంది. అందుకే కనిపించింది. ఆరేళ్లుగా కనిపించకపోవడంలో మీ సొంత సుఖం ఏమైనా ఉందేమో మీరు చూసుకోండి."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఎప్పుడూ గదిలోంచి లేచి వెళ్లిపోయే ఆవిడ ఈసారి కుర్చీలోంచి కదల్లేదు. బిర్గర్ ఎర్రబడ్డాడు. "పోనీ వాక్యం అలాగే ఉంచి, నీ పేరు తీసెయ్యమంటావా?"

"పేరు ఉంటుంది. వాక్యం పోతుంది. లేదంటే ఈ పట్టికని నేనే విడిగా పంపుతాను, మీరు తీసెయ్యమన్న వరస పేరు చెప్పి."

అతను పట్టికని మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు. "ఆ వరస తీసెయ్యమన్నది నేనేనా? రాసిపెట్టావా ఎక్కడైనా?"

"రాయలేదు. గుర్తుంది."

గుర్తుంది అన్న మాట ఎంత హాయిగా ఉందో చెప్పలేను. బిర్గర్ కళ్లజోడు మళ్లీ పెట్టుకుని "సరే, మార్చి తీసుకురా" అన్నాడు. నాలుగింటికల్లా మార్చాను. శుక్రవారం మధ్యాహ్నం నివేదిక వెళ్లింది. కాఫీకి బిర్గర్ బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. నేను చప్పట్లు కొట్టలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి స్టాఫన్ టాకో రొట్టెల్లో పెట్టడానికి కీరదోసకాయ తరుగుతున్నాడు. టీరా బల్ల కింద కూర్చుని, "అమ్మా, సెనాయిత్, నేనూ ఒకే బడికి వెళతాం, వాళ్లమ్మ చెప్పింది!" అంది. స్టాఫన్ నాకేసి చూసి గొంతు తగ్గించాడు. "దానికేం తెలుసు పాపం. మార్చమని దరఖాస్తు పెట్టావా? మూడు వారాలే గడువట."

ఫోను తెరిచి అతని ముందు పెట్టాను. అతను తడిచేతులు తుడుచుకుని చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. స్టాఫన్ చెడ్డవాడు కాదు, ఎర్రబడే చెవులున్న మనిషి. "అరెరే... ఏవో ప్రకటనలనుకున్నాను అవి. నువ్వు ఉన్నావు కదా, చూసుకుంటావులే అని..." నాకేసి నిజంగానే నొచ్చుకున్నట్టు చూశాడు. "అయినా నువ్వొక మాట నాకు గుర్తు చెయ్యాల్సింది కదా ఇల్వా!"

నాకు నవ్వొచ్చింది. దోసకాయ ముక్క ఒకటి తీసి నోట్లో వేసుకున్నాను. చల్లగా ఉంది. బయట ఇంకా వెలుగుంది, ఏటా ఈ రోజుల్లోనే మొదటిసారి సాయంత్రం భోజనానికి దీపం వెయ్యనక్కర్లేకపోతుంది.

"సరే, అయిందేదో అయింది" అన్నాడు తేరుకుని. "ఆ దరఖాస్తు నువ్వు నింపెయ్యి. ఈసారి వెంటనే నొక్కేస్తాను. ఒట్టు."

"ఈసారి నువ్వు నింపు. నేను సంతకం పెడతాను."

"నేనా? అందులో ఏముంటుందో, ఏ బడి ఎలాంటిదో నాకేం తెలుసు?"

"అన్నీ చదువు. హైవే అవతలి బడికి వెళ్లి చూసిరా. టీరాని అడుగు. తరువాత నింపు."

"మర్చిపోతే?"

"మునిసిపాలిటీవాళ్లు మూడుసార్లు గుర్తు చేస్తారు స్టాఫన్" అన్నాను. "నేను చెయ్యను."